గుమ్మం దాటి వచ్చినవారికి చోటెక్కడ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం ఒకే సంగతి అడిగాయి: సంఘంలోకి కొత్తగా వచ్చినవారు ఎందుకు నిలవడం లేదు? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) శాఖకు చెందిన సంఘం. ఆదివారం 150 మంది దాకా వస్తారు. గుమ్మం దగ్గర నిలబడి వందనాలు చెబుతున్నాం. కొత్తవారిని లేపి పరిచయం చేసి చప్పట్లు కొడుతున్నాం. అయినా రెండు మూడు వారాలు వచ్చి మానేస్తున్నారు. లోపం ఎక్కడుంది?
– సంఘ కార్యదర్శి

ముందు ఆ చప్పట్లు ఆపండి. మొదటిసారి వచ్చిన మనిషి వెనక ఎక్కడో కూర్చుని, చూసి వెళ్దామనుకుంటాడు. అతన్ని లేపి మైకు చేతికిచ్చి ఊరూ పేరూ అడిగితే నోరు ఎండిపోతుంది. ఇంట్లో చెప్పకుండా వచ్చిన కోడలైతే ఆ పరిచయమే ఆమెకు ఆఖరి ఆరాధన అవుతుంది. ప్రకటనల్లో ఒక్క మాట చాలు: "ఈ రోజు మొదటిసారి వచ్చినవారికి వందనాలు. ఆరాధన అయ్యాక కుడివైపు తలుపు దగ్గర టీ ఉంటుంది. మీతో మాట్లాడడానికి ఇద్దరు అక్కడ ఉంటారు." రావాలో వద్దో వారిష్టం.

ఇక అసలు లోపం. మనకు ఊపిరంత అలవాటైన పనులు కొత్తవారికి ఒక్కొక్కటీ చిక్కుముడి. చెప్పులు ఎక్కడ విడవాలి? ఆడవాళ్ళు ఎటు, మగవాళ్ళు ఎటు? భార్యాభర్తలు కలిసి వస్తే గుమ్మంలోనే విడదీస్తారు, ఆమెకు ఆ వైపు ఒక్కరూ తెలియదు. మీ పద్ధతి మార్చుకోకపోయినా, ఒక పక్కన చివరి రెండు వరసలు కుటుంబాలు కలిసి కూర్చోవడానికి వదలండి. ఆరాధన మొదలైన 20 నిమిషాల దాకా పాతవారెవరూ అక్కడ కూర్చోకూడదు. ఇప్పుడు చాలా మందిరాల్లో జరిగేది దీనికి తలకిందులు. పాతవారు వెనక వరసలు పట్టుకుంటారు, ఆలస్యంగా వచ్చిన కొత్తవారు అందరి ముందునుంచీ నడిచి మొదటి వరసకు పోవాల్సి వస్తుంది.

తర్వాతది పుస్తకం. "23వ కీర్తన" అని ప్రకటిస్తారు. పాటల పుస్తకమూ కీర్తనలే, బైబిల్లో ఉన్నదీ కీర్తనల గ్రంథమే. కొత్తమనిషి ఒకటి తెరిచేలోపు అందరూ రెండో చరణంలో ఉంటారు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో" అనో "బైబిల్లో కీర్తనల గ్రంథం" అనో విడదీసి చెప్పండి. మందిరంలో ఉంచే బైబిళ్ళన్నీ ఒకే ముద్రణవి అయితే పేజీ నంబరు కూడా చెప్పవచ్చు. ఆ తర్వాత 15 సెకన్లు ఆగండి. ఆరాధన క్రమం చదివేచోట "లేచి నిలబడదాం", "కూర్చుందాం" అని నోటితో చెప్పాలి. చేయి ఊపితే చాలదు.

ఎక్కువమందిని పోగొట్టుకునేది మాత్రం ఆశీర్వాదం అయ్యాక వచ్చే పది నిమిషాల్లో. పాస్టరు గారి చుట్టూ పాతవారు మూగుతారు. కమిటీ సభ్యులు వెంటనే మీటింగుకు కూర్చుంటారు. క్వయర్ పిల్లలు వైర్లు చుడుతుంటారు. కొత్తవారు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోతారు. కమిటీ మీటింగును అరగంట వెనక్కి జరపండి. 150 మంది సంఘానికి వారానికి నలుగురు వాలంటీర్లు చాలు, ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు. 20 నిమిషాలు ముందు వచ్చి, 15 నిమిషాలు ఆగి వెళ్ళాలి. ఒకే కుటుంబానికి ఏడాదంతా అప్పగిస్తే విసుగొస్తుంది కాబట్టి నెలకొకసారి మార్చండి. ఈ నలుగురూ ఒకరితో ఒకరు కబుర్లలో పడడం మామూలుగా జరిగే పొరపాటు. అందుకని ఆశీర్వాదం తర్వాత మొదటి ఐదు నిమిషాలు తెలిసిన ముఖంతో మాట్లాడకూడదని గట్టిగా నియమం పెట్టుకోండి.

సోమవారమో మంగళవారమో ఒక ఫోను వెళ్ళాలి. పాస్టరు గారి నుంచి కాదు, వారి ఈడువారి నుంచి. మూడు నిమిషాలు మించకూడదు. ఇంటికి ప్రార్థనకు రావచ్చా అని అడిగి, రమ్మంటేనే వెళ్ళండి. వెళ్ళేది ఇద్దరు, ఉండేది 20 నిమిషాలు. పదిమంది కంజీరా పట్టుకుని దిగితే వీధంతా తలుపులు తెరుస్తుంది, ఆ కుటుంబం అప్పటికింకా ఏ నిర్ణయానికీ వచ్చి ఉండదు. ఒక నోటుబుక్కులో పేరు, ఫోను నంబరు, ఎవరు మాట్లాడారు, మళ్ళీ ఎప్పుడు వచ్చారు అన్నవి మాత్రం రాసుకోండి. కులం, జీతం గడులు వద్దు. రెండు వారాలు కనిపించకపోతే "రాలేదేం?" అనకండి, "బాగున్నారా?" అనండి.

ప్రశ్న: నేను క్రైస్తవురాలిని, మావారు హిందువు. వరంగల్లో ఉంటాం. నాతోపాటు ఏడాదిగా మందిరానికి వస్తున్నారు. మొన్న ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) వేళ ఆయన చేయి చాపితే ఒక పెద్దాయన అందరి ముందూ "మీరు తీసుకోకూడదు" అని పళ్ళెం వెనక్కి లాక్కున్నారు. ఆ రోజు నుంచి ఆయన గేటు బయటే బండి మీద కూర్చుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి

మీవారు చేయి చాపడంలో తప్పేమీ లేదు. గుళ్ళో ప్రసాదం పంచేటప్పుడు ఎవరినీ నీకు లేదనరు. ఆ అలవాటున్న మనిషికి రొట్టె పళ్ళెం వెనక్కి పోతే అది మత నియమంలా కనిపించదు, తనను అంటరానివాడిలా చూసినట్టుంటుంది. ఈ తేడా పెద్దలకు తెలిసి ఉండాల్సింది.

నియమం నిజమే, దాదాపు అన్ని సంఘాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంది. సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల్లో బాప్తిస్మం తర్వాత కన్ఫర్మేషన్ (తమ నోటితో విశ్వాసాన్ని ఒప్పుకునే క్రమం) అయినవారు సాధారణంగా తీసుకుంటారు. బాప్టిస్టు, బ్రదరన్ సంఘాల్లో నమ్మి ముంపు బాప్తిస్మం పొందినవారు. రోమన్ కాథలిక్ దేవాలయంలో దివ్యసత్ప్రసాదం కాథలిక్కులకే. అక్కడి పేరులో 'ప్రసాదం' అన్న మాట ఉంది కాబట్టి కొత్తవారు తికమకపడడానికి ఇంకా ఎక్కువ అవకాశం. ఈ నియమాన్ని సడలించమని మేం చెప్పడం లేదు. ముందుగా, మర్యాదగా, అందరికీ కలిపి చెప్పమంటున్నాం. బల్లకు ముందు పాస్టరు గారు ఇలా అనవచ్చు: "ఇది బాప్తిస్మం పొంది, క్రీస్తుతో నిబంధన చేసుకున్నవారు పాలుపొందే బల్ల. ఇంకా ఆ నిర్ణయానికి రానివారు మాతో కూర్చుని ప్రార్థించండి. మీరు ఇక్కడ ఉండడం మాకు సంతోషం." అర నిమిషం పని.

పద్ధతిలోనూ చూసుకోవాల్సింది ఉంది. బలిపీఠం దగ్గర మోకరించే సంఘాల్లో వాలంటీర్లు వరసవరసనూ లేపుతారు. కూర్చుండిపోయిన ఒక్కరూ నూరుమంది కళ్ళల్లో పడతారు. అలా లేపకుండా, వెళ్ళేవారిని వారంతట వారే వెళ్ళనివ్వండి. కొన్ని చోట్ల తీసుకోనివారు చేతులు ఛాతీ మీద కట్టుకుని ముందుకు వస్తే గురువు తల మీద చేయి ఉంచి ప్రార్థిస్తారు. మీ సంఘంలో ఆ వాడుక ఉందేమో కనుక్కోండి. పళ్ళెం వరసల్లో తిరిగే సంఘాల్లోనైతే "తీసుకోనివారు పక్కవారికి అందించండి" అని ముందే చెబితే సరిపోతుంది.

మొదటి కొరింథీ 11వ అధ్యాయంలో అయోగ్యంగా తినవద్దన్న హెచ్చరిక ఉంది, ఆ పెద్దాయన భయం దానివల్లే అయి ఉంటుంది. అదే అధ్యాయంలో పౌలు గట్టిగా మందలించింది మాత్రం ఒకరికోసం ఒకరు ఆగకుండా తిని, లేనివారిని సిగ్గుపరిచినవారిని. ఆ రెండూ కలిపి చదవాలి.

ఇప్పుడు మీవారి సంగతి. పళ్ళెం లాక్కున్న పెద్దాయనే స్వయంగా మీ ఇంటికి రావాలి. పాస్టరు గారు ఆయన తరఫున మాట్లాడితే సరిపోదు. వచ్చి, నియమం గురించి పాఠం చెప్పకుండా "అందరి ముందూ అలా చేయకూడదు, తప్పు నాది" అనాలి. పాస్టరు గారితో ఈ మాటలే చెప్పండి. మీవారిని లోపలికి రమ్మని మీరు తొందరపెట్టకండి.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక హిందూ స్నేహితురాలు క్రిస్మస్ ఆరాధనకు వస్తానంది. బొట్టు తీసేయాలా, తెల్లచీర కట్టాలా, కానుక ఎంత వేయాలి అని అడుగుతోంది.
– విశాఖపట్నం

బొట్టు తీయక్కర్లేదు. మామూలుగా పండక్కి కట్టే చీర చాలు. కొన్ని మందిరాల్లో స్త్రీలు తల మీద కొంగు వేసుకుంటారు, మీది అలాంటిదైతే ముందే చెప్పండి, గుమ్మంలో ఎవరిచేతో చెప్పించుకోకుండా. కానుక సంచి వచ్చినప్పుడు ఊరికే పక్కకు అందించవచ్చు. ఆరాధన గంటన్నరో రెండున్నర గంటలో ఆ లెక్కా చెప్పండి, ఆమెకు ఇంటికి చేరాల్సిన వేళ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు మీకు క్వయర్ పని ఉంటే ఒప్పుకోకండి. ఆమె పక్కన కూర్చోండి.

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో మాదొక పల్లె. మా ఊళ్ళో రెండు పేటలు, రెండు మందిరాలు. ఈమధ్య అవతలి పేట నుంచి ఒక కుటుంబం మా ఆరాధనకు వస్తోంది. ఎవరూ పైకి ఏమీ అనరు. కానీ వాళ్ళు కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోవడం లేదు. యవనస్తులకు మనసు నొచ్చుకుంటోంది.
– యవనస్తుల కూటమి సభ్యుడు

మీరు చాప సంగతి రాశారు, అందుకు మీకు వందనాలు. చాలామందికి అది కంటికే ఆనదు.

మీ జిల్లా చరిత్రలోనే దీనికి సాటి ఘటన ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గరకు మొదట్లో అగ్రకులాలవారు కొందరు ఆసక్తితో వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. అప్పుడు ఆయనా, ఆయన భార్యా మొదటి కొరింథీ మొదటి అధ్యాయం చదివి, అణగారినవారి వైపే నిలబడ్డారు. తర్వాత 1878లో, కరవు గడిచాక, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గడప బయట నిలబెట్టినవారి కోసం తెరిచిన తలుపు అది. ఇప్పుడు ఆ తలుపు లోపల ఒక పేట ఇంకో పేటను దూరం పెడుతోందంటే ఆ బాధ మీ యవనస్తులదే కాదు, మాదీ.

ప్రసంగంతో ఇది కదలదు. వచ్చే ఆదివారం మీ కూటమిలో ముగ్గురు, పాస్టరమ్మగారు ఒకరు, వెళ్ళి ఆ చాప మీద కూర్చోండి. మాట్లాడనక్కర్లేదు, కూర్చోండి చాలు. నాలుగైదు వారాలు వదలకుండా చేయండి. రెండోది, పనుల పట్టిక. వాక్యం చదవడం, కానుక పట్టడం, బల్ల సిద్ధం చేయడం, వంట, వడ్డన అన్నిటికీ పేర్లు రాసి గోడకు అంటించండి, ఆ కుటుంబం పేరు ఊడ్చే పనిలో కాకుండా వడ్డించే పనిలో ముందు ఉండాలి. నీళ్ళు ఎవరి చేతి నుంచి తాగుతామన్నదే ఈ జాడ్యానికి గీటురాయి. మూడోది, సమాధుల దొడ్డి. పేటకొకటి ఉంటే, రేపు ఆ ఇంట్లో ఎవరైనా పోతే ఎక్కడ పెడతారో సంఘ పెద్దలు ఇప్పుడే తేల్చి పుస్తకంలో రాయాలి. శవం వాకిట్లో ఉండగా తేలే మాట కాదది.

కొత్తవారిని "ఇంటిపేరేంటి, ఏ పేట?" అని అడిగేవారిని పక్కకు పిలిచి ఆపండి. ఆ ప్రశ్న ఎందుకడుగుతారో అడిగేవారికీ తెలుసు, వినేవారికీ తెలుసు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచిచోటు, పేదవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపినవారికి చెప్పిన మాట పెద్దలతో కూర్చుని చదవండి.

ప్రశ్న: నెలకోసారి ప్రేమవిందు పెడదామనుకుంటున్నాం. వంద మందికి ఎంత వండాలి? కొత్తవారు ఇబ్బంది పడకుండా ఎలా వడ్డించాలి?
– స్త్రీల సమాజం, ఖమ్మం

ప్రేమవిందు మన తెలుగు సంఘాలకు మంచి ఆస్తి. సువార్తికుడు భక్త సింగ్ గారు హైదరాబాదులోని తమ హెబ్రోను మందిరంలో అందరినీ నేల మీద పక్కపక్కనే కూర్చోబెట్టి తినిపించిన పద్ధతి ఎన్నో సంఘాలకు పాకింది.

వందమందికి బియ్యం 12 కిలోలు, కందిపప్పు మూడున్నర కిలోలు, కూరగాయలు 10 కిలోలు, చికెన్ అయితే 15 కిలోలు. మజ్జిగకు 6 లీటర్ల పెరుగులో 12 లీటర్ల నీళ్ళు. తాగడానికి 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండున్నర పడతాయి కాబట్టి మూడు తెప్పించండి. పిల్లలు ఎక్కువుంటే బియ్యం ఒక కిలో తగ్గించవచ్చు, మజ్జిగ తగ్గించకండి.

ఇబ్బంది వచ్చేది లెక్కల్లో కాదు, గరిటెల దగ్గర. మాంసం కూర తిప్పిన గరిటె పప్పులో పెడితే శాకాహారి ఇక ముట్టుకోలేరు, ఆకలితో వెళ్ళిపోతారు. శాకాహారానికి వేరే బల్ల, వేరే గరిటె, వేరే మనిషి. ఆ బల్లను మాంసం బల్లకు కనీసం పదడుగులు ఎడంగా వేయండి. పలక మీద సుద్దతో ఏ మాంసమో రాయండి: కోడి, మేక, గొడ్డు మాంసం. దాచిపెట్టి తినిపించినట్టు ఎవరికీ అనిపించకూడదు, ఒకసారి అలా అనిపిస్తే ఆ కుటుంబం మళ్ళీ మీ చేతి టీ కూడా తాగదు. అలాగే శాకాహారం తిన్నవారిని "ఇంకా పాత అలవాటే" అని ఎవరూ అనకూడదు.

వడ్డన క్రమం: కొత్తవారు, ముసలివారు, చంటిపిల్లల తల్లులు మొదటి బంతి. పాస్టరు గారు, కమిటీవారు ఆఖరి బంతి. ఈ ఒక్క మార్పు చేసిన నెలలోనే తేడా కనిపిస్తుంది, ఎందుకంటే ఆఖరి బంతికి కూర మిగలాలి కాబట్టి పెద్దలే లెక్క సరిగ్గా చూస్తారు. ప్రతి ఇంటి నుంచీ క్యారేజీ తెచ్చుకునే పద్ధతి మాత్రం పెట్టకండి. ఎవరి మూతలో ఏముందో అందరూ చూస్తారు, లేనివారు ఆ ఆదివారం రావడం మానేస్తారు. అందరి బియ్యం ఒకే గుండిగలో ఉడకాలి.

ప్రశ్న: కువైట్‌లో శుక్రవారం తెలుగు కూడిక నడుపుతున్నాం. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు కడప, గోదావరి జిల్లాలవారు వస్తారు. పాటలు పాడి, ఏడ్చి, పరుగున వెళ్ళిపోతారు. వారికి ఇది తమ సంఘం అనిపించాలంటే?
– కూడిక పెద్ద

వారి గడియారం మీ చేతిలో లేదు, అక్కడ మొదలుపెట్టండి. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికొక రోజు సెలవివ్వాలని చెబుతుంది, అయినా చాలామందికి దొరికేది కొన్ని గంటలే. కాబట్టి 10 గంటలకు అంటే 10కే మొదలుపెట్టి, చెప్పిన సమయానికి ముగించండి. ప్రసంగం 30 నిమిషాలు దాటితే ఆమె భోజనం, ఇంటికి చేసుకునే ఫోను రెండూ పోతాయి. కూడిక తర్వాత 40 నిమిషాలు ఖాళీగా ఉంచండి. ఒక గదిలో ఫోన్ల చార్జింగుకు ప్లగ్గులు, పిల్లలతో వీడియోలో మాట్లాడుకునేందుకు వైఫై, తలుపు వేసుకునే వీలు. ఇదే వారికి అన్నిటికన్నా పెద్ద మర్యాద.

ఫోటోలు, ఫేస్‌బుక్ లైవ్ ప్రేక్షకుల వైపు తిప్పకండి. యజమాని ఇంట్లో ఏం చెప్పి వచ్చారో మీకు తెలియదు. కానుక కోసం పేర్లు చదవడం మానండి, ఆమె జీతంలో ప్రతి దీనారుకూ ఊళ్ళో అప్పు ఒకటి కాచుకుని ఉంటుంది. కార్లున్న కుటుంబాలు ఇద్దరిద్దరిని దింపే ఏర్పాటు చేసుకోండి, దంపతులు ఇద్దరూ బండిలో ఉండాలి, మగవారు ఒంటరిగా దింపడం వద్దు. ఇంకొక్కటి: ప్రార్థన నడిపించడం, పాట ఎత్తడం వారికీ అప్పగించండి. ఆఫీసు ఉద్యోగాలవారే మైకు పట్టుకుంటే, వారు ఎన్నేళ్ళు వచ్చినా అతిథులే.

ప్రశ్న: నేను క్రైస్తవుడిని కాను. మా పక్కన చర్చి ఉంది. మనుషులు మంచివారే, మైకు మాత్రం భరించలేకపోతున్నాం. మా అమ్మ చక్రాల కుర్చీలో ఉంటుంది, క్రిస్మస్‌కు పిలిచారు కానీ ఆమె మెట్లు ఎక్కే వీలు లేదు. ఈ రెండూ వాళ్ళను ఎలా అడగాలి?
– నెల్లూరు

నేరుగా అడగండి, అడగడమే స్నేహం. చర్చివారు కూడా ఇది చదువుతారు కాబట్టి లెక్కలు ఇక్కడే ఇస్తున్నాం. శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. బయటి లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు కూడా 12 గంటల వరకే, కాబట్టి డిసెంబరు 31 రాత్రి ఆరాధన 12 దాటినా బయటి హారన్లు అప్పటికి ఆగాలి. లోపల స్పీకరు పెట్టెలు గోడకు ఎత్తుగా, ముఖం కిందికి వంచి బిగిస్తే తక్కువ శబ్దంతోనే వెనక వరసకూ వాక్యం వినిపిస్తుంది. ఇప్పుడు మాట తెలియక హోరు మాత్రమే వస్తోందంటే శబ్దం చాలక కాదు, పెట్టె ముఖం తప్పుగా ఉండి.

మెట్లకు ర్యాంపు ఒకటికి పన్నెండు వాలులో ఉండాలి. 15 సెంటీమీటర్ల మెట్టు ఒకటైతే 1.8 మీటర్ల పొడవు, మూడు మెట్లయితే దాదాపు ఐదున్నర మీటర్లు. చాలామంది రెండు మీటర్లలో ముగించేస్తారు. ఆ వాలులో కుర్చీ తోసేవారి చేయి జారుతుంది. వెడల్పు 1.2 మీటర్లు, తలుపు 90 సెంటీమీటర్లు ఉంటే చాలు. లోపల ఒక వరస చివర కుర్చీ తీసేసి ఆ చోటు అమ్మకు వదలాలి, నడవలో నిలబెట్టకూడదు.

పాస్టరు గారితో ఆదివారం కాకుండా మామూలు రోజు సాయంత్రం మాట్లాడండి, ఆదివారం ఆయనకు వినే తీరిక ఉండదు. నవంబరులోనే అడగండి. సిమెంటు పని పూర్తయి, ర్యాంపు నీళ్ళు తాగి గట్టిపడడానికి మూడు వారాలైనా పడుతుంది.